కాటా చూసేది బరువే, కూత కాదు



పోస్టు పొడుగ్గానే ఉంటుంది. సగంలో వదిలెయ్యకండి. చివర్లో మనందరం చెయ్యాల్సిన పని ఒకటి ఉంది.

పోయిన వేసవిలో మేం పదకొండు మంది పిల్లల్ని కబడ్డీ సెలెక్షన్స్‌కి విశాఖపట్నం దించాం. ముంచంగిపుట్టు నుంచి నలుగురు, పెదబయలు నుంచి ముగ్గురు, జి.మాడుగుల నుంచి నలుగురు. ఘాట్ దిగి, సాయంత్రానికి కాంప్లెక్స్‌లో బస్సు దిగి, రాత్రి మద్దిలపాలెంలో మన డిగ్రీ తమ్ముళ్ళ గదిలో ఒకరి మీద ఒకరు పడుకున్నారు. పొద్దున్న ఆరుకల్లా గ్రౌండ్‌లో ఉన్నారు. అప్పటికే మూడొందల మంది దాకా లైన్లో ఉన్నారు. ముందు ఎత్తు, తర్వాత బరువు, తర్వాత పరుగు, తర్వాత నిలబడి దూకుడు. ఇవన్నీ దాటినవాడికే మ్యాట్ మీద అయిదు నిమిషాల ఆట.

మనవాళ్ళు తొమ్మిది మంది కాటా దగ్గరే ఆగిపోయారు. పదకొండు మందిలో ఇద్దరే మ్యాట్ ఎక్కారు.

ఆ తొమ్మిది మందిలో ఒక గుంటడి గురించి చెప్పాలి. పేరు రాయడం లేదు. పదిహేడేళ్ళు, 51 కిలోలు. ఎడమ కార్నర్ ఆడతాడు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో వాడు కాలు పట్టుకుంటే గీత దాటి వెనక్కి వెళ్ళినవాడు తక్కువ. సంక్రాంతి టోర్నమెంట్లలో పెద్ద పెద్ద రైడర్లు వాడి వైపు కూతకి రావడానికే జంకేవారు. కాటా దగ్గరున్నాయన వాణ్ణి కింద నుంచి మీద దాకా చూసి, "ఏరా, ఇంట్లో అన్నం పెట్టరేటి?" అన్నారు. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? అంతే, అయిపోయింది. వాడు ఒక్క కాలు పట్టుకోవడం కూడా ఆయన చూడలేదు.

ఇప్పుడు వాడు గాజువాక దగ్గర ఒక షెడ్డులో లోడింగ్ పని చేస్తున్నాడు. రోజంతా యాభై కిలోల బస్తాలు మోస్తాడు. ఆటకి చాలని ఒళ్ళు మోతకి చాలింది.

అక్కడున్న ఒక్క మనిషి మీద కోపంతో ఈ పోస్టు రాయడం లేదు. ఆయన కూడా ఎవరో ఇచ్చిన కాగితం చూసి పని చేసినవాడే. మా గొడవ ఆ కాగితంతో. కుర్రాడిలో ఆట ఎంతుందో కొలిచే పద్ధతే తప్పు అంటున్నాం. ఆ తప్పు ఎప్పుడూ ఒకే దిక్కుకి పడుతోంది, మన దిక్కుకి.

రూలు పుస్తకంలో లేని గీత

కబడ్డీకి బరువు రూలు ఉంది, నిజమే. సీనియర్ మగవాళ్ళకి 85 కిలోలు, ఆడవాళ్ళకి 75. జూనియర్లకి అంతకన్నా తక్కువ. కానీ ఇవన్నీ పై హద్దులు. ఇంతకు మించకూడదు అని మాత్రమే రూలు. ఇంతకన్నా తగ్గకూడదు అని రూలు పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ కింది హద్దు సెలెక్షన్ చేసేవాళ్ళ కళ్ళలో ఉంది. రాసిపెట్టరు కాబట్టి దాని మీద మనం అర్జీ పెట్టలేం, కోర్టుకి వెళ్ళలేం. "సెట్ అవ్వడు" అనే ఒక్క మాటతో పంపించేస్తారు.

"బరువు లేకపోతే పెద్ద లీగుల్లో ఎలా నిలబడతాడు?" అని కొందరు మనవాళ్ళే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 80 కిలోల రైడర్ దూసుకొస్తుంటే 51 కిలోలవాడు ఆపలేడు. కానీ పదిహేడేళ్ళ పిల్లాడి బరువు వాడి చివరి బరువు కాదు కదా. ఏడాది పాటు రోజూ గుడ్డు, పాలు, పప్పు, మాంసం పెట్టి, జిమ్ చేయిస్తే పది కిలోలు పెరిగే కుర్రాళ్ళు ఉంటారు. కానీ రైడర్ ఏ అడుగు వేస్తాడో ముందే పసిగట్టి, సరిగ్గా ఆ క్షణంలో చీలమండ మీద చెయ్యి వేసే తెలివి ఏడాదిలో ఏ తిండీ పెట్టలేదు. పెట్టగలిగేదాన్ని కొలిచి, పెట్టలేనిదాన్ని వదిలేస్తున్నారు. మా వాదన మొత్తం ఇదే.

మన కొండల్లోంచి వెళ్ళే కేకే లైను అందరికీ తెలుసు. బైలదిల్లా ఇనుప రాయి ఆ లైను మీదే అరకు దాటి, అనంతగిరి సొరంగాలు దాటి విశాఖ పోర్టుకీ, స్టీల్ ప్లాంటుకీ దిగుతుంది. ఆ రాయిని ఎలా తీసుకుంటారు? నమూనాలు తీస్తారు, ల్యాబులో పెడతారు, లోపల ఇనుము ఎంత శాతం ఉందో లెక్క కడతారు, ఆ లెక్క మీదే ధర. "ఇది ఇంకా ఉక్కు కాలేదే" అని రాయిని ఎవరూ వెనక్కి పంపరు. ఉక్కు చెయ్యడానికే కదా ఫర్నేస్ పెట్టుకున్నారు! అదే లైను పక్క నుంచి దిగిన మన పిల్లాణ్ణి మాత్రం కళ్ళతో ఒకసారి చూసి, ఉక్కు కాలేదని తిప్పి పంపారు.

కోట్లు పెట్టినవాళ్ళకి బాగా తెలుసా?

"ప్రొఫెషనల్స్‌కి తెలీదా, మీకు తెలుసా?" అంటారు. సరే, ప్రొఫెషనల్స్ సంగతే చూద్దాం.

ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. తెలుగు టైటాన్స్ మొదటి సీజన్ సొంత గ్రౌండ్ మన విశాఖలోని రాజీవ్‌గాంధీ ఇండోర్ స్టేడియమే. ఆ ఏడాది వేలంలో దీపక్ నివాస్ హూడాని టైటాన్స్ 12.6 లక్షలకి కొంటే, అంత డబ్బా అని జనం నోరెళ్ళబెట్టారు. 2019 సీజన్‌కి సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు పెట్టారు. 2023 అక్టోబరు వేలంలో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు. టీము మొత్తానికి ఉన్న 5 కోట్లలో సగం పైగా ఒక్క మనిషి మీద.

ఫలితం? 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకి 1 గెలుపు. 9వ సీజన్‌లో 22కి 2. పవన్ వచ్చిన 10వ సీజన్‌లో కూడా 22కి 2. మొత్తం 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడేళ్ళూ పట్టికలో అట్టడుగు. పవన్ మంచి ఆటగాడు, అందులో అనుమానం లేదు. కానీ కూతకి వెళ్ళేది ఒకడు, మ్యాట్ మీద నిలబడేది ఏడుగురు. మిగతా ఆరుగుర్ని ఎలా ఎంచారు, ఎలా తయారు చేశారు అన్నదే అసలు సంగతి. ఆ తర్వాతి సీజన్ల నుంచి టైటాన్స్ లేచింది, సంతోషమే. మనమూ విజిల్స్ వేసినవాళ్ళమే. 2025 ఆగస్టు 29న 12వ సీజన్ మన విశాఖలోనే మొదలైతే టీవీల ముందు కూర్చున్నాం. కానీ ఆ మూడేళ్ళు మర్చిపోకూడదు. ఎక్కువ డబ్బు పెట్టిన కన్నే ఎక్కువ చూస్తుందని అనుకోకండి.

ఇంకొకటి చూడండి. దేవాంక్ దలాల్ అని ఒక రైడర్. జైపూర్ టీములో ఉన్నప్పుడు పెద్దగా ఆడే అవకాశం రాలేదు, బెంచీ మీదే ఎక్కువ. 2024 సీజన్‌లో పట్నా వాళ్ళు ఆడించారు. 301 రైడ్ పాయింట్లతో ఆ సీజన్‌కే టాప్ రైడర్ అయ్యాడు. 2025 వేలంలో బెంగాల్ వారియర్స్ 2.205 కోట్లకి కొన్నారు. ఏడాది ముందు కూడా వాడు అదే మనిషి. అదే కాళ్ళు, అదే ఎత్తు. మారిందల్లా ఒక్కటే, ఎవరో ఆడనిచ్చారు, ఎవరో కూర్చుని చూశారు.

రోజూ ప్రాక్టీసులో పక్కనే ఉన్న కోచ్‌లే సరిగ్గా చూడలేకపోయిన సందర్భాలు ఇలా ఉంటే, మూడొందల మందిని ఒక్క పూటలో కాటా మీద ఎక్కించి దించేవాళ్ళు ఏం చూస్తారు?

ఆ లీగు వేలంలో ఆటగాళ్ళని ఎ, బి, సి, డి అని నాలుగు మెట్లు చేస్తారు. 2025లో కనీస ధర ఎ కి 30 లక్షలు, బి కి 20, సి కి 13, డి కి 9 లక్షలు. కొత్త కుర్రాళ్ళని విడిగా, యువ ఆటగాళ్ళ కింద తీసుకుంటారు. కింది మెట్టు ధర 9 లక్షలు ఎంతో మన ఇళ్ళల్లో ఒకసారి లెక్క వేసి చూడండి. కాఫీ, మిరియాలు, రాజ్‌మా అమ్మి మన అమ్మానాన్న ఎన్నేళ్ళకి అది చూస్తారు? అందుకే ఇది "ఆటే కదా" అని వదిలేసే విషయం కాదు. ఒక సెలెక్షన్ అంటే హాస్టల్ సీటు, రోజూ తిండి, సర్టిఫికెట్, స్పోర్ట్స్ కోటా, రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. కాటా దగ్గర వెనక్కి పంపితే ఇవన్నీ ఒకేసారి పోతాయి.

పుట్టిన తేదీ ఎవరు రాశారు?

మన పిల్లల మీద ఇంకో కాటా కూడా ఉంది, అది కాగితం మీద. మనలో చాలామంది పుట్టినరోజు జూన్‌లో ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంటి దగ్గర పుట్టాం, ఎవరూ రాయలేదు. ఆశ్రమ పాఠశాలలో చేర్చేటప్పుడు సారు మన ఎత్తు చూసి, పళ్ళు చూసి ఒక తేదీ వేశారు. బడి తెరిచేది జూన్‌లో కాబట్టి జూన్. ఒక్కోసారి ఏడాది రెండేళ్ళు ఎక్కువ పడింది. బళ్ళో ఆ తేడా తెలీలేదు. ఆటలో తెలుస్తుంది. పద్నాలుగేళ్ళవాణ్ణి పదహారేళ్ళవాళ్ళ పక్కన నిలబెట్టి "పొట్టిగా ఉన్నాడు" అంటారు.

వయసు నిజంగా సరిగ్గా ఉన్నా కూడా ఈ తేడా పని చేస్తుంది. కెనడాలో 1985లో రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజీ ప్రొఫెసరు, ఆయనతో పనిచేసినవాళ్ళు ఐస్ హాకీ కుర్రాళ్ళ పుట్టిన నెలలు లెక్కపెట్టారు. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు టీముల్లో చాలా ఎక్కువగా ఉన్నారు. కారణం చిన్నదే. జనవరి 1 కటాఫ్ అయితే, జనవరిలో పుట్టినవాడు డిసెంబరువాడికంటే దాదాపు ఏడాది పెద్ద. చిన్న వయసులో ఆ ఏడాది అంటే కొన్ని అంగుళాలు, కొన్ని కిలోలు. కోచ్ దాన్ని టాలెంట్ అనుకుని తీసుకుంటాడు. తీసుకున్నవాడికి మంచి ట్రైనింగ్ దొరుకుతుంది, నిజంగానే మంచి ఆటగాడు అవుతాడు. అప్పుడు కోచ్ "చూశారా, నేను ముందే చెప్పాను" అంటాడు. తీసుకోనివాడి సంగతి ఎవరూ రాయరు.

బాగా తిని పెరిగిన దేశంలో నెలల తేడాకే అంత జరిగితే, తప్పు తేదీ, చోడంబలి, రక్తహీనత, మలేరియా జ్వరాలతో పెరిగిన మన పిల్లల సంగతి వేరే చెప్పాలా? సికిల్ సెల్ కూడా మన ప్రాంతాల్లో ఉంది. దాన్ని పోగొడతామని కేంద్రం 2023 జులై 1న ఒక మిషన్ మొదలుపెట్టింది. ఆ లక్షణం ఉన్న పిల్లాణ్ణి విశాఖ ఎండలో, ఉక్కపోతలో, నీళ్ళు తాగనివ్వకుండా పరిగెత్తిస్తే ప్రాణం మీదికి రావచ్చు. సెలెక్షన్ కాగితంలో బరువు గడి ఉంది. రక్తపరీక్ష గడి ఎక్కడ?

పొగడ్త కూడా ఒక తిట్టే

ఇంకో రకం మనుషులు ఉన్నారు. వాళ్ళు మనల్ని తిట్టరు, పొగుడుతారు. "కొండోళ్ళకి కాళ్ళు ఉక్కులా ఉంటాయి. పుట్టుకతోనే పరుగు. కొంచెం దారిలో పెడితే మెడల్స్ కుప్పలు." ఇది వినడానికి బావుంటుంది. మనవాళ్ళు కొందరు స్టేటస్ కూడా పెట్టుకుంటారు. కానీ ఇదీ ఒళ్ళు చూసి మనిషిని కొలవడమే.

ఈ పొగడ్త ఎక్కడికి తీసుకెళ్తుందో కర్ణాటక సిద్దీలని అడగండి. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా గిరిజన, కొండ, తీర ప్రాంతాల్లో సహజ ప్రతిభ వెతకాలని స్పెషల్ ఏరియా గేమ్స్ అనే పథకం పెట్టింది. అందులో భాగంగా 1987లో సిద్దీ పిల్లల్ని తీసుకున్నారు. ఎందుకు? వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు కాబట్టి పుట్టుకతోనే పరిగెత్తుతారు అని. పిల్లల్ని ఊళ్ళ నుంచి తీసుకెళ్ళారు, ట్రైనింగ్ ఇచ్చారు, కొందరు జాతీయ స్థాయిలో మెడల్స్ తెచ్చారు కూడా. 1993లో ఆ కార్యక్రమం ఆపేశారు. పిల్లలు సగం దారిలో ఇంటికొచ్చారు. రక్తాన్ని నమ్మి తెచ్చినవాళ్ళు, రక్తం ఒక్కటే మెడల్ తేలేదని తెలిసేసరికి వదిలేశారు.

అదే పథకంలో రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు లింబా రామ్ దొరికాడు. వెదురు విల్లుతో వేటాడే పిల్లాడు. మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఆ పిల్లాణ్ణి విల్లు పట్టించి చూశారు, చూశాక ఏళ్ళ తరబడి నేర్పారు. ఒకే పథకం. పని చేయించి చూసి, నేర్పుతూ పోయినచోట ఒలింపియన్ వచ్చాడు. పుట్టుకని నమ్ముకుని మొదలుపెట్టి మధ్యలో ఆపేసినచోట పిల్లలు రోడ్డున పడ్డారు.

43వ పేరు

ఈ జబ్బు మన ఒక్క దేశానిది కాదు. ఆస్ట్రేలియాలో వాళ్ళదే ఒక ఫుట్‌బాల్ ఉంది, కోడిగుడ్డు ఆకారం బంతి, చేత్తోనూ కాలుతోనూ ఆడతారు. అక్కడ వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. ఏటా కుర్రాళ్ళకి పరుగు, గెంతుడు, దమ్ము పరీక్షలు పెడతారు. తర్వాత క్లబ్బులు వరసగా ఒక్కొక్క పేరు పిలుస్తాయి. కిందటేడు అట్టడుగున ఉన్న టీముకి మొదటి పిలుపు. ఆ పిలుపు వంతుల్నే క్లబ్బులు ఒకదానికొకటి మార్చుకుంటాయి కూడా.

1997 డ్రాఫ్ట్‌లో ఆడమ్ గూడ్స్ అనే ఆదివాసీ కుర్రాణ్ణి సిడ్నీ క్లబ్ 43వ పేరుగా పిలిచింది. అంటే ఆ దేశంలో ఆటని చదివి బతికే నిపుణులంతా కలిసి ముందు 42 మందిని ఎంచుకున్నారు. ఆ 43వ వాడు 372 మ్యాచ్‌లు ఆడాడు. లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ రెండుసార్లు, 2003లోనూ 2006లోనూ గెలిచాడు. 2013లో గ్యాలరీలోంచి కోతి అనే అర్థంలో తిట్టు వినిపిస్తే వేలెత్తి చూపించాడు. 2015 అంతా ప్రత్యర్థి అభిమానులు ప్రతి గ్రౌండ్‌లో ఊళలు వేసి వెంటాడితే, ఆ ఏడాదే ఆట మానేశాడు. 2019లో లీగు క్షమాపణ చెప్పింది.

ఇందులో మనకి రెండు పాఠాలు. ఒకటి, వీడియోలు, డాక్టర్లు, కొలతలు అన్నీ ఉన్నచోట కూడా నిపుణుల వరస తప్పుతుంది. అందుకని ఎవరైనా "మా మాటే ఆఖరు" అంటే నమ్మకండి. రెండు, ఎంపిక చెయ్యడంతో పని అయిపోదు. ఎంపికైన ఆదివాసీ పిల్లాడు లోపల ఏం భరిస్తున్నాడో కూడా చూడాలి. "అన్నం పెట్టరేటి" అని నవ్విన లైను అక్కడి గ్యాలరీకి చుట్టమే.

రూర్కెలా చేసింది, విశాఖ ఎందుకు చెయ్యదు?

అంత దూరం వద్దు, పక్క రాష్ట్రానికి వెళ్దాం. ఒడిశాలో రూర్కెలా కూడా మన విశాఖలాగే స్టీల్ సిటీ. చుట్టూ సుందర్‌గఢ్ ఆదివాసీ ఊళ్ళు. అక్కడ పాన్‌పోష్‌లో ప్రభుత్వం హాకీ హాస్టల్ పెట్టింది. ఊరి టోర్నమెంట్లలో మేకో, కోడో బహుమతిగా పెట్టుకుని ఆడే పిల్లల్ని తెచ్చి ఏళ్ళ తరబడి అన్నం పెట్టి, ఆట నేర్పారు. ఆ హాస్టల్‌లో పెరిగిన దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడాడు, 2004 ఏథెన్స్‌లో దేశానికి కెప్టెన్. 2022లో హాకీ ఇండియాకి అధ్యక్షుడయ్యాడు. ఆ జిల్లా నుంచి వచ్చిన బీరేంద్ర లాక్రా టోక్యోలో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నాడు, దీప్ గ్రేస్ ఎక్కా అదే ఒలింపిక్స్‌లో అమ్మాయిల జట్టుకి ఆడింది.

విశాఖకి ఏం తక్కువ? పోర్టు ఉంది, స్టీల్ ప్లాంటు ఉంది, ఇండోర్ స్టేడియాలు ఉన్నాయి, ప్రో కబడ్డీ టీము పేరు ఉంది. పాడేరు నూట పది కిలోమీటర్లే. రూర్కెలాలో ఆట హాస్టల్‌గా ఆదివాసీ ఊళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఇక్కడ ఆట నగరంలో కూర్చుని "మీరే రండి, మీరే తూగండి" అంటోంది.

కొండ పిల్లల్ని మెట్టు మెట్టుగా చూసి తీసుకోవడం మన తెలుగు నేల మీద కూడా జరిగింది. గురుకులాల పిల్లల్ని వంద మందికి పైగా భువనగిరి రాళ్ళు ఎక్కించారు. అందులో ఇరవై మంది డార్జిలింగ్, వాళ్ళలో కొందరు లడఖ్, చివరికి ఇద్దరు ఎవరెస్ట్. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకి శిఖరం ఎక్కింది. మొదటి రోజే ఎత్తూ బరువూ చూసి ఆపేసి ఉంటే ఆ పిల్ల ఎక్కడుండేది?

ఇప్పుడు మన తప్పులు

బయటివాళ్ళని అన్నాం. ఇంట్లో సంగతి కూడా చెప్పాలి, కోపం వచ్చినా సరే.

మన మండలాల టీములు మనమెలా ఎంచుతున్నాం? టోర్నమెంట్ పెట్టినవాళ్ళ ఊరి పిల్లలు ముందు. రోడ్డు ఉన్న ఊరివాళ్ళు తర్వాత. మన టీముల్లో పోర్జా, గదబ, ఖోందు పిల్లలు ఎంతమంది? డోలీ తప్ప దారి లేని ఊళ్ళ నుంచి ఎంతమంది? విశాఖవాళ్ళు మనకి చేసింది మనం పై కొండవాళ్ళకి చేస్తున్నాం. "వాళ్ళకి రూల్స్ తెలీవు" అని మనమే అన్న రోజులు ఉన్నాయి.

అమ్మాయిల సంగతి ఇంకా సిగ్గు. మగవాళ్ళ ప్రో లీగ్ 2025 నాటికి పన్నెండు సీజన్లు ఆడింది. ఆ నిర్వాహకులు అమ్మాయిలకి 2016లో మూడు టీములతో ఒక్కసారి పెట్టి ఆపేశారు. మనం వాళ్ళని అడుగుతాం సరే, మన సంక్రాంతి టోర్నమెంట్లో అమ్మాయిల పోటీ పెట్టామా? పాడేరు మండలం వంట్లమామిడి నుంచి వెళ్ళిన పాంగి కరుణ కుమారి 2025లో అంధ మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. చూపు సరిగ్గా లేని మన ఇంటి పిల్ల ప్రపంచకప్ ఆడితే, అన్నీ ఉన్న మనం అక్కచెల్లెళ్ళకి ఒక మ్యాట్ వెయ్యలేకపోయాం.

అన్నిటికన్నా పెద్ద తప్పు, మన దగ్గర లెక్క లేదు. "మావాడు బాగా ఆడతాడు సార్" అంటాం. "ఎలా చెప్తావు?" అంటే ఫోన్‌లో పది సెకన్ల వీడియో చూపిస్తాం. అది చాలదు.

చెయ్యాల్సిన పని

ఒక నోటుబుక్కు. వంద పేజీలది చాలు. ప్రతి టోర్నమెంట్‌కి మనలో ఒకరు గీత పక్కన కూర్చుని రాయాలి. రైడర్‌కి నాలుగు గళ్ళు: ఎన్నిసార్లు కూతకి వెళ్ళాడు, ఎన్ని పాయింట్లు, ఎన్నిసార్లు ఖాళీగా వచ్చాడు, ఎన్నిసార్లు దొరికిపోయాడు. డిఫెండర్‌కి రెండు: ఎన్నిసార్లు పట్టుకోబోయాడు, ఎన్నిసార్లు ఆపాడు.

ఎందుకో చూడండి. ఒక రైడర్ 30 సార్లు వెళ్ళి 15 పాయింట్లు తెచ్చాడు, 10 సార్లు దొరికిపోయాడు. ఇంకొకడు 18 సార్లు వెళ్ళి 12 తెచ్చాడు, 2 సార్లే దొరికాడు. జనం 15 తెచ్చినవాడికి ఈలలు వేస్తారు. కానీ వాడు అవతలివాళ్ళకి 10 ఇచ్చొచ్చాడు, టీముకి మిగిలింది 5. రెండోవాడు మిగిల్చింది 10. డిఫెండర్ అయితే 20 సార్లు పట్టుకోబోయి 10 సార్లు ఆపితే చాలా మంచి లెక్క. పెద్ద లీగుల్లో కూడా సగం అంటే గొప్పే. రెండు వరస ఖాళీ కూతల తర్వాత తప్పకుండా పాయింట్ తేవాల్సిన మూడో కూతకి ఎవరు వెళ్ళారు, ఏం చేశారు అన్నది ఎర్ర పెన్నుతో రాయండి. పిల్లాడి గుండె అక్కడ తెలుస్తుంది.

మూడు నెలలకోసారి ఎత్తు, బరువు కూడా రాయండి. బరువు అనవసరం అని మేం అనడం లేదు. ఒక్క రోజు బరువు కాకుండా, పెరుగుతున్న బరువు చూడమంటున్నాం.

ఆ నోటుబుక్కులు పట్టుకుని ఐటీడీఏకీ, క్రీడా అధికారులకీ, టీముల వాళ్ళకీ ఇవి అడుగుదాం:

1. సెలెక్షన్స్ కొండ మీదికి రావాలి. పాడేరు, అరకు, చింతపల్లిలో పెట్టాలి. రాత్రంతా నిద్రలేని పిల్లాణ్ణి పొద్దున్నే పరిగెత్తించొద్దు.

2. ముందు ఆట, తర్వాత కాటా. ప్రతి పిల్లాడూ కనీసం రెండు పూర్తి మ్యాచ్‌లు ఆడాకే కొలతలు.

3. తీసుకోకపోతే కారణం రాసివ్వాలి. మార్కులు గోడ మీద అంటించాలి. "సెట్ అవ్వడు" కారణం కాదు.

4. ఆట ఉండి బరువు లేనివాళ్ళకి మూడు నెలల క్యాంపు: తిండి, రక్తపరీక్ష, ట్రైనింగ్. తర్వాత మళ్ళీ చూడాలి.

5. ప్రతి డివిజన్‌కీ ఒక మ్యాట్, బూట్లు. మట్టి మీద జారే కాలు మ్యాట్ మీద పట్టేస్తుంది. మ్యాట్ ఎప్పుడూ చూడనివాణ్ణి మొదటి రోజే దాని మీద పరీక్ష పెట్టడం, ఈత రానివాణ్ణి సముద్రంలో తోసి చూడటమే.

6. ఇవన్నీ అమ్మాయిలకీ, అబ్బాయిలకీ సమానంగా.

ఇందులో దానం ఏదీ లేదు. రాయికి ఇచ్చే పాటి ల్యాబు టెస్టు మనిషికి ఇవ్వమంటున్నాం.

మొన్న ఆదివారం మేం నలుగురం గాజువాక వెళ్ళి ఆ గుంటణ్ణి కలిశాం. షెడ్డు బయట టీ తాగాం. "మళ్ళీ ఆడతావా?" అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు 57 ఉన్నాను అన్నా" అన్నాడు. బస్తాలు తూచే కాటా మీద తనే తూచుకుంటున్నాడంట, వారం వారం. ఎవరూ అడగకుండానే.

వాడి పేరు మా నోటుబుక్కులో మొదటి పేజీలో రాశాం. మీ మండలంలో మొదటి పేజీ ఎవరిదో కింద రాయండి. నోటుబుక్కు పట్టే మనిషి పేరు కూడా రాయండి. మండలానికి ఒకరు చాలు. వచ్చే సంక్రాంతి టోర్నమెంట్ల నుంచే మొదలు పెడదాం.

జై ఆదివాసీ.